కరువమ్మకు జేజి పెట్టిన ముద్ద

ముందే చెప్పుకుంటున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి మధ్యలో బడి వదిలి గొర్రెల వెంట పోయినవాణ్ని. పద్యమైనా మాటైనా ఎవరో చదువుతుంటే చెవితో పట్టుకున్నానే గానీ కాగితం చూసి నేర్చుకోలేదు. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో, దేనికి దీర్ఘం తీయాలో ఇప్పటికీ అనుమానమే. చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోండి.

వచ్చే ఆదివారం ప్రొద్దుటూరులో నాకు సన్మానం పెట్టారు. ఆ రోజు పంచే పుస్తకంలో వేసుకుంటాము, చిన్నప్పటి సంగతి ఏదైనా రాసివ్వమన్నారు. సన్మానం నాకు కొత్త కాదు. ఇంట్లో శాలువాలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, చలికాలం మేకపిల్లలకు కూడా కప్పుతాము. కానీ ఈసారి శాలువా కప్పినాక కరువమ్మ వేషం కట్టి, కడపటి ఇంటి సీను ఒక్కటి ఆడి చూపించాలంట. ఆ ఫోను వచ్చినప్పటి నుంచి నాకు కూర్చోబుద్ధి కాదు, పడుకోబుద్ధి కాదు.

"ఏంది మామా, పొద్దన్నుంచి వాకిలికీ దొడ్డికీ తిరుగుతాండావు? బండలు అరిగిపోతాయి" అంది నా భార్య.

"ఆదివారం కరువమ్మను కట్టమంటాండారు మే."

"కట్టు. కొత్తనా నీకు?"

"కట్టేముందు తినగూడదు గదా."

"తినగూడదా? సుగరు మాత్ర మింగి తినకపోతే స్టేజీ మీదనే పడతావు. డాక్టరు సెప్పింది నీకు కాదా, ఆ గోడకా?"

ఇదీ నా కష్టం. ఆ వేషం కట్టిన ప్రతిసారీ ముందు రోజు నుంచి పస్తు ఉన్నాను. తిని ఒక్కసారి కూడా కట్టలేదు. తింటే ఆ మొగం వస్తుందో రాదో నాకే తెలియదు.

నా పేరు ఈ పక్క ఎవరికీ తెలియదు. పులివెందుల బస్టాండులో దిగితే "నువ్వు కరువమ్మవి గదప్పా" అని చెయ్యి పట్టుకుని టీ తాగిస్తారు. అదే మనిషి ఇంట్లో పెళ్లి పెట్టుకుంటే నన్ను పిలవడు. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి శెట్టి నా నాటకం చూసి కండువా తడిసేలా ఏడ్చి, స్టేజీ ఎక్కి నా కాళ్లకు దండం పెట్టాడు. ఆయనే కొత్త అంగడి తెరిచే రోజు నేను ఆ వీధిలో ఎదురుపడితే, నవ్వుతూనే భుజం మీద చెయ్యి వేసి, "అప్పా, రేపు రా, తీరిగ్గా మాట్లాడుకుందాం" అంటూ వీధి మలుపు దాకా సాగనంపాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కరువు ఎదురొస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆ వేషం నాకు అన్నం పెట్టింది. ఆ వేషమే నన్ను నలుగురి గుమ్మాల బయట నిలబెట్టింది. దాన్ని తలుచుకుంటే దండం పెట్టాలో తిట్టాలో తెలియదు.

అది మొదట ఎట్లా నా నెత్తికెక్కిందో చెబుతాను.

మాది కొండాపురం పక్కన ఒక పల్లె. ఇప్పుడు ఆ పల్లె గండికోట ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. మేము మునిగిన ఊర్ల వాళ్లకని కట్టిన కాలనీలో ఉంటున్నాము. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు గట్టు మీద నిలబడితే మొండిగోడలు కొన్ని కనబడతాయి. అన్ని నీళ్లు చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఎందుకంటే నా చిన్నతనంలో ఆ ఊరికి నీళ్లే లేవు.

నాకు అప్పటికి మీసం రాలేదు. ఆ ఏడు వాన మొగం చాటేసింది. నల్లరేగడి చేను నెర్రెలిచ్చింది. మేము పిల్లలం ఆ నెర్రెల్లోకి గోళీలు వదిలి, నేలకు చెవి ఆనించి, ఎంత లోతుకు పోయిందో వినేవాళ్లం. గోళీలన్నీ అయిపోయాక ఒకడు వాళ్ల అవ్వ నశ్యం డబ్బీ వదిలాడు. ఆ తన్నులు వాడొక్కడికే కాదు, అందరికీ పడ్డాయి.

మా అమ్మా నాయనా గొర్రెలు తోలుకుని చాపాడు పక్కకు వలస పోయారు. అక్కడ కాలవ కింద మడికట్లు ఉంటాయి, మేత దొరుకుతుంది. ఇంట్లో నేనూ, మా నాయనను కన్న జేజీ మిగిలాము. జేజి పొట్టిగా, నల్లగా ఉండేది. గొంతు మాత్రం పెద్దది. ఆమె దగ్గర ఎప్పుడూ గొర్రె బొచ్చు వాసన, పిడకల పొగ వాసన కలిసి వచ్చేవి. పొయ్యి మీద సంగటి కెలికేటప్పుడు కుండను రెండు పాదాలతో అదిమిపట్టి, తెడ్డుతో ఎవరినో తిడుతున్నట్టు తిప్పేది. ఆ వేడి రాగిపిండి వాసన ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది.

జమ్మలమడుగు నుంచి ఒక హార్మోనియం మామ వచ్చి మా ఊరి వాళ్లకు నాటకం నేర్పించేవాడు. రోజుకొక ఇంట్లో తినేవాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే మేము పోయి హార్మోనియం తిత్తి నొక్కేవాళ్లం. కళ్లు తెరవకుండానే, "ఎవుడ్రా అది, పెట్టెకు జెరమొచ్చినట్ల మూలుగుతాంది" అనేవాడు. నేను ఆ నాటకంలో రాజు మాటలన్నీ వినీ వినీ నేర్చుకున్నాను. ఎండిన సొరకాయ బుర్ర సగానికి కోసి, కిరీటంలా నెత్తిన పెట్టుకుని, గొర్రెల దొడ్డిలో సభ తీర్చేవాణ్ని. రాజు వేషం కట్టాలని ఎంత ఆశో చెప్పలేను. అద్దాల బిళ్లలు కుట్టిన ఆ కోటును ఒకసారి వాసన చూశాను. కర్పూరం, చెమట కలిసిన వాసన. అదే రాజు వాసన అనుకున్నాను.

వాన రాకపోతే మా ఊర్లో కరువమ్మను సాగనంపడం ఉండేది. ఒక మొగమనిషికి ముసలిదాని వేషం కడతారు. ముందురోజు నుంచి పస్తు ఉంచుతారు, కడుపు వీపుకు అంటుకుని కనబడాలి. ఆ రోజు ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగించి ఏదో ఒకటి వండాలి. కరువమ్మ ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, కడుపు సూడండి" అని అడుక్కుంటుంది. మామూలు రోజుల్లో ఆకలన్న మనిషిని ఉత్త చేతులతో పంపే ఊరు కాదు మాది. కానీ ఆ రోజు ఎవరూ మెతుకు పెట్టకూడదు. "మా ఇంట్లో నీకేం ల్యా, పో" అని చీపురు నేలకు కొట్టాలి. ఒక్క ఇల్లు పెట్టినా కరువు ఆ ముద్దకు మరిగి ఊర్లోనే ఉండిపోతుందని నమ్మకం. అన్ని ఇళ్లూ అయినాక పొలిమేర రాయి దాటేదాకా తరుముతారు. వేషం కట్టిన మనిషి వాన పడేదాకా ఆ రాయి దాటి లోపలికి రాకూడదు.

ఎప్పుడూ కట్టే ముసలాయనకు ఆ ఏడు కాలు విరిగింది. ఊరి పెద్ద, హార్మోనియం మామ కలిసి నా దగ్గరికి వచ్చారు. "నువ్వు కరువమ్మను కట్టు. తిరునాళ్లకు రాజు వేషం నీకే ఇస్తా" అన్నాడు మామ. ఆయన మాట ముగియకముందే నేను సరే అన్నాను.

జేజి ఒప్పుకోలేదు. "పసిబిడ్డను పస్తు పెట్టి, ఎండకు తిప్పి, ఊరి బయటికి తోల్తారా? మీకు పెద్దోళ్లు ఎవురూ దొరకల్యా?"

"పెద్దోళ్లకు కడుపులుండాయి గదత్తా" అన్నాడు మామ. "వీనికి కడుపే ల్యా. దేవుడు ఈ వేషానికే చేసినాడు."

నేను రెండు రోజులు ఆమె కొంగు పట్టుకుని పీకితే, "పో, సావు" అంది. అంటే సరే అని.

ఆ పొద్దున నా ఒంటికి బూడిద పూశారు. గోనెపట్ట చుట్టారు. జొన్నచొప్ప పీచు జుట్టుగా కట్టి, ఎండు సొరబుర్రలు రెండు ఎదకు వేలాడదీశారు. మొదట్లో అంతా ఆటగానే ఉంది. నా ఈడు పిల్లలు వెంట అరుస్తూ వచ్చారు. ఒక ఇంటి ముందర అడిగితే ఆ ఇల్లాలు, "మా ఇంట్లో నీకేం ల్యా. ఆ ఎదురింట్లో మా తోడికోడలు శానా దాచిపెట్టింది, ఆడికి పో" అంది. ఎదురింటి నుంచి ఆ తోడికోడలు చీపురు తీసుకుని కరువమ్మను వదిలి ఈమె మీదికి వచ్చింది. ఇంకొక తాత, "ఏమ్మే కరువమ్మా, పోయిన తూరి కంటే బక్కయినావే, మీ ఊర్లో గూడా వానల్యావా?" అన్నాడు. జనం నవ్వారు. నేనూ లోపల నవ్వుకున్నాను.

ఎండ ఎక్కేకొద్దీ నవ్వు పోయింది. ప్రతి గుమ్మంలో నుంచీ వాసన. ఒకచోట కొర్రన్నం, ఒకచోట చింతాకు పప్పు, ఒకచోట ఎర్రగడ్డ వేగుతున్న వాసన. కరువు ఏడు గదా, ఎవరికీ దండిగా లేదు. ఆ రోజుకని దాచుకున్న పిడికెడు తీసి వండుకున్నారు. నోట్లో నీళ్లూరి, అవీ ఆగిపోయి, నాలుక గుడ్డపేలికలా అయింది. "కడుపు సూడండి" అనే మాట నా గొంతులో నుంచి కాకుండా ఎక్కడో కింద నుంచి వస్తోంది. జనం కూడా నవ్వడం మానేశారు. మామ వెనక నుంచి, "అదీ, అదీ! అట్లనే" అంటున్నాడు. కడుపు కాలుతుంటే కూడా ఆ మాటకు నాకు గర్వమేసింది.

మా ఇల్లు ఊరి చివర, పొలిమేర రాయి వైపు. అదే కడపటి ఇల్లు.

అక్కడికి వచ్చి మెట్టు మీద కూలబడ్డాను. అడగాల్సిన మాట ఒకటుంది గదా, అది మరిచిపోయాను. ఎంత వెతికినా రాలేదు. ఊరంతా నా వెనక నిలబడి ఎదురుచూస్తోంది. నేను ఊరికే గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

జేజి తెడ్డు చేతిలో పట్టుకునే వచ్చింది. "మా ఇంట్లో" అని మొదలుపెట్టి ఆగింది. లోపలికి పోయింది. చీపురు కోసం పోయిందనుకున్నారు అందరూ. సత్తు తట్టలో సంగటి ముద్ద తెచ్చింది. మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఆవిరి లేస్తోంది.

"తిను" అంది.

ఊరి పెద్ద అరిచాడు. "ఓ ముసిల్దానా! ఏం పని సేస్తాండావు?"

"కనపడల్యా? పిల్లోనికి పెడతాండా."

"వాడు పిల్లోడు కాదు ఇప్పుడు, కరువమ్మ!"

"కరువమ్మయితే ఆకలి గాదా?"

ఎవరో తట్ట లాగబోయారు. అప్పటికే నా చెయ్యి ముద్దలో ఉంది. నాలుక కాలింది, ఆగలేదు. సొరబుర్రలు అడ్డం వస్తుంటే పక్కకు తోసి తిన్నాను. ఊరంతా చూస్తుండగా, చొప్ప జుట్టు మొగం మీద పడుతుండగా, మెతుకు మిగలకుండా తిన్నాను. ఆ తర్వాత పడిన చీపురు దెబ్బలు ఆటకు కొట్టినవి కావు. పొలిమేర రాయి ఎప్పుడు దాటానో నాకు తెలియదు.

నేను నడిచీ, లారీలు ఎక్కీ చాపాడు దగ్గర మా అమ్మానాయనల మందకు చేరాను. అక్కడ కాలవలో నీళ్లు గలగల పోతుంటాయి. కొంగలు, పచ్చగడ్డి, బురద వాసన. కావలసినంత తాగొచ్చు, మునగొచ్చు. నాకు మాత్రం ఒక్క చోట కాలు నిలిచేది కాదు. రోజంతా పడమటి ఆకాశం చూడటమే పని. చిన్న మబ్బు కనబడితే గట్టు మీదికి పరుగెత్తేవాణ్ని. "గొర్రెలు ఇటు పోతాంటే నువ్వు అటు సూస్తాండావే, నిన్ను మేపేదానికి ఇంగొకన్ని పెట్టాల్నా?" అని మా నాయన తిట్టేవాడు.

ఒకరోజు మా ఊరి మనిషి ఒకాయన ఎద్దుల్ని మేతకు తోలుకుని ఆ పక్కకు వచ్చాడు. ఊర్లో సంగతి అడిగితే మొదట చెప్పలేదు. మా అమ్మ మజ్జిగ పోసినాక చెప్పాడు.

"ఊరబాయి కాడ మీ జేజి కడవ కడపటిదప్పా ఇప్పుడు. పొద్దన్నే పోయి ముందర పెట్టినా ఎనక్కి జరుపుతాండారు. ఊట ఊరేదే కొంచెం. కడపటి కడవకు బురదనీళ్లే."

"ఎవురు జరుపుతాండారు?" అన్నాను.

ఆయన మజ్జిగ గ్లాసులోకి చూశాడు. "ఎవురని సెప్పాల? అందురూనూ."

ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదంట. పొయ్యికి నిప్పు అడిగితే ఇవ్వడం లేదంట. వాన రాకపోవడానికి ఆమె పెట్టిన ముద్దే కారణమంట. నేను అక్కడ కాలవ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను, ఆమె బురద వడగట్టుకుని తాగుతోంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మరుసటి రోజు ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. ప్రొద్దుటూరు దాకా ఎద్దులబండి, జమ్మలమడుగు దాకా గడ్డి లారీ, అక్కడి నుంచి కొంత లారీ, కొంత కాలినడక.

పొలిమేర రాయి దగ్గర ఒక పిల్ల మేకలు మేపుతోంది. ఊరి పెద్ద మనవరాలు. నన్ను చూసి, "కరువమ్మ వచ్చిందే!" అని కేక పెట్టి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏమనుకుందో ఏమో, మేకల్ని నాకు వదిలేసి పోయి జేజిని పిల్చుకొచ్చింది. ఆ పిల్లే ఇప్పుడు నన్ను బండలు అరిగిపోతాయని తిట్టే నా భార్య.

జేజి చిక్కిపోయింది. గొంతు మాత్రం అట్లనే ఉంది.

"ఏంటికొచ్చినావు? వాన్రాల్యా గదరా."

"నిన్ను బాయి కాడ ఎనక్కి జరుపుతాండారంటనే."

"జరపనీ. కడపటిదానికి తొందర ఉండదు. అందురూ పోయినాంక, ఊట ఊరేదాకా సల్లగా కూకోని తోడుకుంటాండా."

"నేను లోపలికొస్తా. వాళ్లను అడుగుతా."

కాలు ఎత్తాను. ఆమె రాయి మీద అరచెయ్యి పెట్టింది. "రావద్దు. నేనొక తూరి మాట తప్పినా. ఆకలి జూసి తప్పినా. నువ్వు దేన్ని జూసి తప్పుతావు?"

"నిన్ను జూసి."

ఆమె నవ్వింది. "నేను బాగనే ఉండా, సూడు. నువ్వు ఈ రాయి దాటితే, వాన రాని ప్రతి పొద్దూ నీ పేరు సెప్తారు. నా పేరు సెప్పుకోనీ. ముసిల్దాన్ని, మోస్తా."

కొంగు ముడి విప్పి వేయించిన శెనక్కాయలు నా చేతిలో పోసింది. పక్కన నిలబడిన పిల్లకూ పోసింది. ఇద్దరం ఆ రాయికి అటొకరు ఇటొకరు నిలబడి నమిలాము. నేను తిరిగి చాపాడుకే పోయాను.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకుంది. మా దగ్గర నాలుగు చినుకులే పడ్డాయి. మా ఊర్లో పడిందో లేదో ఎట్లా తెలియాలి? రోడ్డు మీదికి పోయి నిలబడ్డాను. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే లారీలను చూస్తూ ఉన్నాను. ఒక లారీ టార్పాలిను మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. దాని చక్రాలకు నల్లమట్టి అంటుకుని ఉంది. ఆ మట్టి మా పక్కది. ఇంక ఎవరినీ అడగలేదు.

రాయి దగ్గరికి చేరేసరికి నేల మెత్తగా ఉంది. నెర్రెలు మూసుకుంటున్నాయి. మా గోళీలన్నీ లోపలే ఉండిపోయాయి గదా అనుకున్నాను, ఆ సంతోషంలో కూడా. ఊరి వాళ్లు ఎదురొచ్చి నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. చీపుర్లతో కొట్టినవాళ్లే. ఊరి పెద్ద మా గుమ్మం ముందర నిలబడి అందరికీ వినబడేట్టు, "ఈయమ్మ పెట్టిన ముద్దకే కరువమ్మ కడుపు సల్లబడి పోయింది. ఇంగ మీదట కడపటి ఇంట్లో ముద్ద పెట్టి సాగనంపాల" అన్నాడు.

జేజి తెడ్డు కడుగుతూ, "నా సంగటితో వానకేం పనప్పా? అప్పుడు రాకుండా జేసిందీ నేనేనంటిరి, ఇప్పుడు రప్పించిందీ నేనేనంటాండారు. రెండూ నా నెత్తిన పెట్టాకండి" అంది.

మరునాడు ఊరబావి దగ్గర ఆమె కడవను అందరికంటే ముందర పెట్టారు. ఆమె వచ్చి చూసింది. కడవ ఎత్తుకుని పోయి, కరువమ్మ సంగతికి ముందు అది ఎక్కడ ఉండేదో అక్కడ, వరుస మధ్యలో పెట్టుకుని నిలబడింది.

రాజు వేషం నాకు రాలేదు. తిరునాళ్లకు దాన్ని వేరే పిల్లవాడికి ఇచ్చారు. అడిగితే హార్మోనియం మామ, "ఆ మొగంతో రాజేందిరా? నీ మొగంలో ఆకలి ఉండాది, అది అందరికీ రాదు" అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియక ఇంటికి వచ్చి సొరబుర్ర కిరీటాన్ని కాలితో తొక్కి పగలగొట్టాను. మామ మా ఊర్లో జరిగిందే నాటకంగా కట్టాడు. జమ్మలమడుగులో మొదటిసారి వేశాము. తర్వాత ప్రొద్దుటూరు, పులివెందుల, పిలిచిన ప్రతి ఊరూ. కడపటి ఇంటి ముందర నేను మాట మరిచి కూర్చున్నాను గదా, దాన్ని కూడా నాటకంలో పెట్టాడు. ఆ ఊరకే కూర్చోవడానికే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. పేపర్లో కూడా దాని గురించే రాశారు. మాట మరిచిపోతే మెచ్చుకున్నారని ఎవరికి చెప్పాలి?

జమ్మలమడుగు ఆటకు జేజి వచ్చింది. ముందర వరుసలో గోనెసంచి పరుచుకుని కూర్చుంది. మరుసటి పొద్దున బస్సు దిగి ఇద్దరం ఊరికి నడిచి వస్తున్నాము. ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆగలేక నేనే అడిగాను.

"ముద్ద పెట్టినప్పుడు జనమంతా ఏడ్చినారు జేజీ. నువ్వు ఏడ్చల్యా?"

"నేనేంటికి ఏడ్చాల? ఆ సంగటి సల్లారిపోయిండాది. ఆవిరే ల్యా."

"నేను ఎట్ల చేసినా?"

"బాగనే చేసినావు."

"ఆ పొద్దు మాదిరి చేసినానా?"

ఆమె నిలబడిపోయి నా వైపు చూసింది. "ఆ పొద్దు నువ్వేం చేసినావురా? ఆకలైంది, కూకున్యావు. చేసింది నేను."

అని నడక సాగించింది. అది కోపంగా చెప్పలేదు. ఎండ ఎక్కుతోంది బిరీన పా, అన్నట్టుగా చెప్పింది. ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా ముల్లులా తిరుగుతోంది నాలో. శాలువా కప్పిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. జేజి పోయింది. ఆమె బతికున్నన్నాళ్లు ఆమె పేరు స్టేజీ మీద ఎవరూ చదవలేదు, నేను కూడా.

మొన్న ప్రొద్దుటూరుకు ఫోను చేశాను. "కరువమ్మను ఇంగ ఎవురన్నా పిల్లోడు కడతాడు. నేను జేజిని కడతా" అన్నాను.

అవతలి మనిషి గతుక్కుమన్నాడు. "ఏందప్పా నువ్వు అనేది? జనం నిన్ను కరువమ్మగా సూడాలని వస్తాండారు. ఆ ముసిల్దానికి ఉండేదే నాలుగు మాటలు."

"అవి సాలు."

ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటాడో లేదో ఆదివారం దాకా తెలియదు. నేను మాత్రం ఇంట్లో నేర్చుకుంటున్నాను. తట్ట పట్టుకుని లోపలి నుంచి వస్తాను, "తిను" అంటాను. మొదట కుదరలేదు. ఎన్నిసార్లు వచ్చినా అది జేజి కాదు. ఎందుకు కుదరడం లేదో నిన్న సాయంత్రం తెలిసింది. ఆ రోజు నేను ఆమె మొగం చూడలేదు. తట్ట వచ్చినప్పటి నుంచి తట్టనే చూశాను. అన్ని ఊర్లలో అన్నిసార్లు ఆ గుమ్మం ముందర కూర్చున్నవాణ్ని, ఆ గుమ్మంలో నిలబడిన మనిషి మొగం ఎట్లా ఉందో నాకు తెలియదు.

నా భార్య ఆ రోజు జనంలో ఉంది, వాళ్ల అబ్బ, అంటే తాత, ఆ ఊరి పెద్ద చెయ్యి పట్టుకుని. ఆమెను అడిగాను.

"ముద్ద పెట్టేటప్పుడు మా జేజి మొగం ఎట్లుండె మే? జాలిగా ఉండెనా?"

ఆమె చాటలో బియ్యం ఏరుతూ ఆగింది. "జాలేంది? శానా కోపంగా ఉండె. మా అబ్బను కొడ్తుందేమోనని నేను ఆయప్ప ఎనక దాక్కున్యా."

"కోపమా?"

"మరి? పిల్లోన్ని ఆ మాదిరి చేసి ఇంటి ముందరికి తోలుకొస్తే?"

నేను లేచి తట్ట తీసుకుని లోపలికి పోయి మళ్లీ వచ్చాను. ఈసారి "తిను" అన్నప్పుడు మా ఆవిడ చాట పక్కన పెట్టింది. "ఆదివారం పొద్దన్నే సంగటి కెలికి వేడి డబ్బాలో పెట్టిస్తా. ఆవిరి రావాల గదా. నువ్వు గూడా తినిపో" అంది.

తిని పోతాను. వేషానికి ముందు తినడం ఇదే మొదలు.

రాసింది మళ్లీ చదువుకోలేదు, చదివితే చింపేస్తానని భయం. ఇందులో వంకర అక్షరాలు, ఎగిరిపోయిన ఒత్తులు చాలా ఉంటాయి. మన్నించండి. నా రాతను ముందు వరుసలో పెట్టమని అడగడం లేదు. మా జేజి కడవలాగా మధ్యలో ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి. వెనక్కి మాత్రం జరపకండి.